ఎవరూ పారిపోని యార్డు

ఆ రోజు ఉదయం సొంతబండాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఊళ్లో ఉన్న మూడు ట్రాన్స్‌పోర్టు కంపెనీల యార్డులూ చూసి, అందులో మంచిదేదో తేల్చుకుని, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చెయ్యాలి. అందుకని నున్నగా గడ్డం గీసుకున్నాడు. ఉతికి ఆరేసిన ఖాకీ చొక్కా తొడుక్కున్నాడు. పెళ్లిచూపులకు వెళ్లేటప్పుడు కూడా అంత శ్రద్ధగా తల దువ్వుకోలేదని ఆయన భార్య సాక్ష్యం చెప్పగలదు.

ఆయనకు కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, అది లైసెన్సు మీద తప్ప మరెక్కడా వినపడదు. వాన వస్తుందా అని అడిగినా, పన్ను ఎక్కడ నొప్పి అని అడిగినా "నాది సొంతబండి కదా" అనే మొదలుపెట్టేవాడు. అలా అని అని, ఆ మాటే ఆయన పేరైపోయింది. ఒక్క లారీ. తనే ఓనరు, తనే డ్రైవరు. ఆయన భార్య ఆ లారీని "మా సవతి" అనేది. పొద్దున్నే లేచి మొదట దాని మొహమే తుడుస్తాడని ఆవిడ ఫిర్యాదు.

ఇన్నాళ్లూ సరుకు ఇస్తూ వచ్చిన బిస్కెట్ల ఫ్యాక్టరీకి తాళం పడింది. అప్పటినుంచి లారీ గుమ్మం ముందే నిలబడి ఉంది. లోపల రాలిన బిస్కెట్ల పొడి కోసం చీమలు బారులు తీరి ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి. "మీకు లోడు దొరక్కపోయినా వాటికి దొరుకుతోంది" అంది భార్య, ఆ బారును దాటుకుంటూ. ఆవిడ నవ్వలేదు. ఫైనాన్సువాళ్లకు కట్టాల్సిన వాయిదాలు అప్పటికే తప్పాయి. ఇంకొక్కటి తప్పితే సీజింగు మనిషి వస్తాడు. వాయిదా కట్టని లారీలను వెతికి పట్టుకుని, తాళాలు లాక్కుని, ఓనరు చూస్తుండగానే తోలుకుపోవడం ఆ మనిషి ఉద్యోగం. కనక ఏదో ఒక కంపెనీకి లారీని అటాచ్ చెయ్యాలి. బండి మనది, లోడు వాళ్లది, కిరాయిలో కమీషను వాళ్లది. కంపెనీ మంచిదైతే లారీ దక్కుతుంది, కాకపోతే లేదు.

ఎలా తెలుసుకోవాలో పంక్చర్ల తాత చెప్పాడు. ఆ తాత లారీలు తోలినంతకాలం తోలి, ఇప్పుడు రోడ్డు పక్కన టైర్లకు అతుకులేస్తూ బతుకుతున్నాడు. "ఆఫీసులో కూర్చున్నోడు చెప్పేది వినకురా అబ్బాయ్. యార్డులో బళ్ల టైర్లు చూడు. ఓనరు చేతిలో నాలుగు డబ్బులు ఆడితే ముందు మార్చేది టైర్లే. గుండు కొట్టించుకున్న టైర్లు కనపడితే వెనక్కి తిరిగి చూడకుండా వచ్చెయ్." తట్టి చూడటానికి తన ఇనపరాడ్డు కూడా ఇచ్చాడు. అడగాల్సిన ప్రశ్నలు నేర్పాడు. కిరాయి ఎప్పుడిస్తారు, ఖాళీగా తిరిగొస్తే డీజిలు ఎవరిది, ఇష్టంలేని లోడు వద్దనొచ్చా. సొంతబండాయన వాటిని ఎక్కాలు వల్లించినట్టు వల్లించుకుంటూ బయలుదేరాడు.

మొదటి యార్డులో లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. నేలంతా నూనె మడుగులు, చిరిగిన గోనెసంచులు. ఆయన ఆఫీసువైపు చూడనైనా చూడలేదు. మొదటి లారీ దగ్గర గొంతుకూర్చుని టైరు నిమిరాడు. రాడ్డుతో తట్టాడు. పెదవి విరిచాడు. ఏ బండిదో గుర్తుండాలని ముందుకు వెళ్లి నంబరు చదువుకున్నాడు. తర్వాత రెండో లారీ. చూసేవాళ్లకు, సీజింగు మనిషి చేసే పని కూడా అక్షరాలా అదే.

అద్దం ముందు గడ్డం గీసుకుంటున్న ఒక డ్రైవరు దాన్ని చూశాడు. రెండో చెంప నురుగుతో అలాగే ఉండగా సీటెక్కి ఇంజను వేశాడు. ఆ పక్కవాడు, వాడి పక్కవాడు కూడా అదే పని చేశారు. సగం సిమెంటు దించిన లారీ ఒకటి మిగతా సగాన్ని దారి పొడుగునా తనే దించుకుంటూ వెళ్లింది. ఇంకో లారీ మీద టార్పాలిన్ కడుతున్న హమాలీ, తాడు పట్టుకుని కేకలు పెడుతూ పైనే పొరుగూరు చేరాడు. తర్వాత అతను బస్సులో తిరిగొచ్చాడనీ, తాడుకు కూడా టిక్కెట్టు కొట్టారనీ చెప్పుకున్నారు.

సొంతబండాయనకు వాళ్ల క్రమశిక్షణ ముచ్చటేసింది. అందరికీ ఒకేసారి లోడు దొరికిందంటే ఇదేదో గొప్ప కంపెనీయే అనుకున్నాడు. టైర్లు చూస్తే మాత్రం పుచ్చకాయల్లా నున్నగా ఉన్నాయి. ఆ చిక్కు విప్పుకుంటూ ఉండగా మేనేజరు పరుగున వచ్చి చేతులు పట్టుకున్నాడు.

"కాస్త ఆగండి సార్. నెలాఖరుకి వాళ్లే కట్టేస్తారు."

"నేను సీజింగు మనిషిని కాదు. నాది సొంతబండి."

"అలాగే అంటారు లెండి. పోయినసారి వచ్చినాయన పూలమొక్కలు అమ్ముకుంటానన్నాడు. వెళ్తూ వెళ్తూ మూడు బళ్లు పట్టుకెళ్లాడు."

ఆయన్ను తీసుకెళ్లి ఫ్యాను కింద కూర్చోబెట్టారు. టీ ఇచ్చారు. ఇన్నేళ్లలో ఏ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులోనూ ఆయనకు కుర్చీ వేసినవాళ్లు లేరు. ఆ కుర్చీలో కూర్చుని టీ తాగుతుంటే ఆయనకు ఒక ఆలోచన తట్టింది. పారిపోయారంటే వాయిదాలు తప్పారు. వాయిదాలు తప్పారంటే కంపెనీ కిరాయిలు సరిగ్గా ఇవ్వడంలేదు. అంటే టైర్లను మించిన పరీక్ష ఒకటుంది: రాడ్డు పట్టుకుని యార్డులోకి నడిచి, ఎవరు పారిపోతారో చూడటం. తాత బుర్రకు కూడా అందని ఉపాయం తనకు అందినందుకు పొంగిపోయాడు. గ్లాసు కింద పెట్టి, రాడ్డు భుజాన వేసుకుని రెండో యార్డుకు బయలుదేరాడు. ఈసారి కావాలనే మొహం గంటు పెట్టుకున్నాడు.

ఫోన్లు ఆయనకంటే ముందే వెళ్లాయి. రెండో యార్డులో చక్రాల గుర్తులు తప్ప లారీలు లేవు. పొయ్యి మీద టీ పొంగి పోతోంది. ఎవరిదో ఒంటి చెప్పు గేటు దగ్గర బోర్లా పడి ఉంది. మిగిలింది ఒకే ఒక్క లారీ. ముందు చక్రం ఊడదీసి జాకీ మీద నిలబెట్టారు. దాని కింద ఓనరు పడుకుని ఉన్నాడు.

"ఇది బండి కాదు సార్. దీనికి చక్రం లేదు. చక్రం లేనిది సామాను కిందకొస్తుంది" అన్నాడతను లోపలినుంచే.

సొంతబండాయన తాను ఎవరో చెప్పబోయాడు. అతను వినలేదు. పిల్లల చదువుల గురించి, తల్లి కళ్ల ఆపరేషను గురించి కింద పడుకునే చెప్పుకుపోయాడు. మాటమాటకీ సార్, సార్ అంటున్నాడు. ఆ గొంతు తనకు బాగా తెలిసినదేనని సొంతబండాయనకు అనిపించింది. రోజూ ఉదయం ఫైనాన్సువాళ్ల ఫోను ఎత్తినప్పుడు తన నోట్లోంచి వచ్చేది అదే. ఇక అక్కడ నిలబడలేక, చప్పుడు కాకుండా బయటకు వచ్చాడు.

ఇంటికి వచ్చేసరికి గుమ్మం ముందు లారీ లేదు. చీమలు మాత్రం దారి తప్పి నేలమీద గుండ్రంగా తిరుగుతున్నాయి. భార్య తలుపు ఓరగా తెరిచింది.

"ముందు లోపలికి రండి. ఊళ్లో సీజింగువాడు తిరుగుతున్నాడంట. ఖాకీ చొక్కా, భుజం మీద ఇనపరాడ్డు, నవ్వు లేని మొహం" అని ఆగిపోయింది. చొక్కా చూసింది. రాడ్డు చూసింది. మొహం కూడా చూసింది. "మీరేనా" అంది.

సంగతేమిటంటే, ఆవిడ తమ్ముడు, అంటే సొంతబండాయన బావమరిది, కబురు వినీ వినగానే బావ లారీని కాపాడటానికి దాన్ని తీసుకుని పారిపోయాడు. ఎక్కడికో అక్కకు చెప్పలేదు. బావకు కూడా చెప్పనన్నాడట, బావ నోట్లో మాట దాగదని. ఫోను కట్టేశాడు. ఆ విధంగా సొంతబండాయన ఊళ్లోని లారీలన్నిటితో పాటు తన లారీని కూడా తానే తరిమేశాడు. అన్నం వడ్డించిన కంచాన్ని అలాగే వదిలి రోడ్డున పడ్డాడు. పెట్రోలు బంకు వెనక చూశాడు, కలప మిల్లులో చూశాడు. ఆయన్ను చూసి ఇంకా కొన్ని లారీలు పారిపోయాయి. చివరికి వెతికినట్టూ ఉంటుంది, చూసినట్టూ ఉంటుందని మూడో యార్డులో అడుగుపెట్టాడు.

ఆయన లారీ అక్కడే ఉంది. చుట్టూ మిగతా లారీలు కూడా చక్కగా నిలబడి ఉన్నాయి. డ్రైవర్లు బల్లమీద కూర్చుని టీ తాగుతున్నారు. బావమరిది గర్వంగా ఎదురొచ్చాడు.

"ఊళ్లో బళ్లన్నీ పరుగులు పెడుతుంటే ఇక్కడ ఒక్కటి కూడా కదల్లేదు బావా. ఇంతకన్నా భద్రమైన చోటు ఏముందని పెట్టేశా."

సొంతబండాయన రాడ్డు తీసి ఒక టైరు తట్టాడు. ఎవరూ లేవలేదు. గట్టిగా తట్టాడు. బుర్రమీసాల డ్రైవరు ఒకడు తల తిప్పి, వెనకవి కూడా చూసుకోమన్నాడు. టైర్లన్నీ కొత్తవే. గాడిలో వేలు పెడితే సగం వేలు దిగుతోంది. ఆయనకు గుండె నిండిపోయింది. వెళ్లి వాళ్ల మధ్య కూర్చుని, తాత నేర్పిన ప్రశ్నలన్నీ వరసగా అడిగాడు. డబ్బు నెల మొదటి తేదీనే చేతికిస్తారన్నారు. ఖాళీగా తిరిగొస్తే డీజిలు కంపెనీదే అన్నారు. ఇష్టంలేని లోడు వద్దనొచ్చా అంటే, ఇష్టం సంగతి ఇక్కడ రానే రాదన్నారు. అంత సంతృప్తిగా ఉన్న డ్రైవర్లను ఆయన ఎక్కడా చూడలేదు.

"మరి సీజింగువాడంటే మీకు భయం లేదా?"

"మా దగ్గర ఏముందని పట్టుకెళ్తాడయ్యా" అన్నాడు బుర్రమీసాలాయన.

సొంతబండాయన పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. వాళ్లు నవ్వలేదు. ఏమాత్రం బడాయి లేని మనుషులని మెచ్చుకున్నాడు. ఆఫీసులో మేనేజరు వెన్న పూసినట్టు మాట్లాడాడు. తప్పిన పాత వాయిదాలు కూడా కంపెనీయే కట్టేస్తుందనీ, తర్వాత నిదానంగా చూసుకోవచ్చనీ, మనసులో బరువు పెట్టుకుని స్టీరింగు పట్టకూడదనీ అన్నాడు. సొంతబండాయన సంతకం పెట్టేశాడు. సాయంత్రానికి లారీ తలుపుల మీద కంపెనీ పేరు కూడా పడింది.

ఇంటికి వచ్చి భార్యకు అంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆవిడ బట్టలు పిండుతూ వింటోంది. బుర్రమీసాలాయన మాట దగ్గరకు వచ్చేసరికి ఆవిడ చెయ్యి ఆగింది.

"ఏముందని పట్టుకెళ్తాడన్నాడా?"

"అవును."

"ఆ మాటకి మీరు నవ్వారా?"

ఆవిడ మళ్లీ పిండటం మొదలుపెట్టింది. చొక్కాలో నీళ్లన్నీ అయిపోయినా పిండుతూనే ఉంది.

ఆ తర్వాతి కథ పొడుగైనదేమీ కాదు. కొత్తగా చేరిన లారీలకు లోడు ఆఖరున ఇస్తారట. ఆఖరిదాకా మిగిలిన లోళ్లు లేవు. కంపెనీ కట్టిన వాయిదాలు కంపెనీకి అప్పు అయ్యాయి, అప్పుకు వడ్డీ అయింది. ఏ సీజింగు మనిషీ రాలేదు, ఎవరూ రాడ్డుతో తట్టలేదు, పరుగులూ కేకలూ లేవు. ఒక వాన పొద్దున సొంతబండాయనే వెళ్లి అప్పు కింద లారీ తాళాలు మేనేజరు బల్లమీద పెట్టాడు. మేనేజరు టీ తెప్పించి, మంచి పనివాణ్ణి తాము వదులుకోబోమనీ, జీతానికి డ్రైవరుగా ఉండమనీ అన్నాడు. వేరే తాళాలు చేతికిచ్చాడు.

"నా బండే ఇవ్వండి సార్. దాని అలవాట్లు నాకు తెలుసు."

"అందుకే ఇవ్వం. పాత సంబంధం ఉంటే పేచీలొస్తాయి."

బయట బల్లమీద బుర్రమీసాలాయన ఆయనకు చోటిచ్చాడు. గడ్డంతో చూపిస్తూ నెమ్మదిగా చెప్పాడు. ఆ మూలన నిలబడ్డ నీలం లారీ తనది. దాన్ని ఇప్పుడు పక్కనున్నాయన తోలుతున్నాడు. పక్కనున్నాయనది తను తోలుతున్నాడు. అలా వరసంతా చూపించుకుంటూ వచ్చి, సొంతబండాయన లారీ దగ్గర ఆగాడు. దాన్ని ఎవరో పడుచువాడు రివర్సులో తీస్తూ గేరు గరగరలాడించాడు. పంటినరం లాగినట్టయి సొంతబండాయన కళ్లు మూసుకున్నాడు.

"ఆ రోజు చెప్పలేకపోయావా?" అన్నాడు.

"చెప్పాగా. నువ్వు నవ్వావు."

ఇంట్లో ఆయన భార్య సవతి పోయిందని సంబరపడలేదు. గుమ్మం ముందు ఖాళీ జాగాను రోజూ ఊడ్చేది, అక్కడింకా ఏదో నిలబడి ఉన్నట్టు చుట్టూ తిరిగి ఊడ్చేది. ఈ మొత్తం వ్యవహారంలో బాగుపడినవాడు ఒక్క బావమరిదే. అంత పెద్ద లారీని పట్టపగలు చప్పుడు కాకుండా మాయం చేశాడని పేరు వచ్చి, ఒక ఫైనాన్సు కంపెనీవాళ్లు పిలిచి సీజింగు ఉద్యోగం ఇచ్చారు.

కొన్నాళ్లకు ఒక ఉదయం, ఇస్త్రీ చొక్కా వేసుకున్న కొత్త మనిషి ఒకడు చేతిలో రాడ్డుతో యార్డులోకి వచ్చాడు. వరసగా టైర్లు తట్టుకుంటూ వచ్చి బల్లముందు ఆగాడు. సొంతబండాయన టీ తాగుతున్నాడు. లేవలేదు.

"ఊళ్లో ఎక్కడికెళ్లినా నన్ను చూసి పారిపోతున్నారు. మీరెవరూ కదల్లేదేంటన్నా?" అన్నాడు కొత్త మనిషి, కళ్లు మెరుస్తుండగా.

సొంతబండాయన అటూ ఇటూ చూశాడు. ఆఫీసు కిటికీ తెరిచే ఉంది. అయినా గ్లాసు కింద పెట్టి, ఒక్కో మాటా విడమరిచి చెప్పాడు.

"పారిపోవడానికి బండి ఉండాలి కదయ్యా. ఇక్కడ ఎవరికీ లేదు. చేరొద్దు. వెళ్లిపో."

కొత్త మనిషి పొట్ట పట్టుకుని నవ్వాడు. కళ్లు తుడుచుకుంటూ, పోటీకి ఇంకో బండి రాకుండా భలే చూస్తున్నావన్నా అన్నాడు. సొంతబండాయన అతని మణికట్టు పట్టుకున్నాడు. ఇంకేదో చెప్పబోయాడు. అంతలో టీ కొట్టాయన అటునుంచి "సొంతబండాయనా, ఇంకో టీ పొయ్యమంటావా?" అని కేకేశాడు.

ఆ పేరు విన్నాక, కొత్త మనిషి, మిగిలిన ఆ కాస్త అనుమానం కూడా తీరిపోయి, ఆఫీసు మెట్లెక్కాడు.