పసుపు పెట్టిన పడవకు వాపసు లేదు

పార్సిల్ విప్పే సమయంలో ఇంట్లో ఎవరెవరు ఉన్నారో పేర్లతో సహా తెలపాలని సంస్థవారి వాపసు నిబంధన పదకొండు (బి) చెబుతోంది. మనిషి నిప్పును కనుక్కున్న తరువాత మళ్ళీ అంతటి గొప్ప పని చేసింది వాపసు నిబంధనలు రాసినప్పుడే కాబట్టి, ఆ గౌరవంతోనే వివరాలు సమర్పిస్తున్నాను.

ఇంట్లో మా నాన్న పోలేరయ్య ఉన్నాడు. పులికాట్ సరస్సులో ఆ రోజు వల వేసే వంతు మా వీధివాళ్ళది కాదు. అమ్మ ధనలక్ష్మి రొయ్యలు ఒలుస్తూ ఉంది. అవ్వ కామాక్షమ్మ, అమ్మ రొయ్యలు సరిగ్గా ఒలవడం లేదని చెబుతూ ఉంది. పక్కింటి మస్తానమ్మ చింతపండు అడగడానికి వచ్చి, చింతపండు తీసుకున్నాక కూడా ఉంది. నేను ఉన్నాను.

మా మేనత్త వనజాక్షి లేదు. (లేనివాళ్ళ గురించి నిబంధన అడగలేదు. కానీ ఎనిమిదేళ్ళుగా లేని మనిషి ఆ రోజు కూడా లేదని రాయకపోతే లెక్క తప్పుతుంది.)

అత్త లేకపోవడానికి కారణం ఒక రేకు పడవ. జానెడు పొడవు. ఎరుపు, నీలం రంగులు, నడుమ పసుపు పొగగొట్టం. లోపల చిన్న నూనెదీపం వెలిగిస్తే వెనక గొట్టాల్లోంచి నీళ్ళు చిమ్ముతూ టపటపమని తనంతట తానే పోతుంది. నాన్న చిన్నప్పుడు మా తాత మద్రాసుకు పీతలు తీసుకెళ్ళి, తిరిగి వస్తూ దాన్ని తెచ్చాడట. అది దేవుడి పటాల పక్కన ఉండేది. నాన్నకు నిజం పడవ వచ్చాక కూడా దీని స్థానం మారలేదు.

నాకు ఏడేళ్ళప్పుడు, ఇంట్లో ఎవరూ లేని ఒక మధ్యాహ్నం, దాన్ని తీసుకెళ్ళి సరస్సులో వదిలాను. అది బాగానే పోయింది. తిరిగి రాలేదు.

అంతకు ముందు వారమే అత్త, "మా వాడు ఏడస్తా ఉండాడు, ఒక్కరోజు ఇయ్యన్నా" అని ఆ పడవను అడిగి ఉంది. అందువల్ల విచారణ పావుగంటలో ముగిసింది. అత్త పోలేరమ్మ గుడి ముందు అరచేత్తో కర్పూరం ఆర్పి ప్రమాణం చేసింది. "కర్పూరం అంగట్లో దొరికేదే కదా" అన్నాడు నాన్న. అత్త వెళ్ళిపోయింది. ఆమె ఇల్లు మాకు మూడు వీధుల అవతల. మళ్ళీ ఈ గడప తొక్కలేదు.

నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పడం నాకు అలవాటు లేదు. మా పల్లెలో నా గురించి ప్రచారంలో ఉన్న వివరణ ఇది: "నోట్లో నాలుక లేని పిల్ల. బంగారం." (వస్తువుల వివరణలు ఎలా తయారవుతాయో నాకు అప్పటినుంచే తెలుసు.)

ఈ ఏడు మండల స్థాయి వ్యాసరచన పోటీలో 'నిజాయితీ' అనే అంశం మీద నాకు రెండో బహుమతి వచ్చింది. (మొదటిది న్యాయనిర్ణేతగారి మేనకోడలికి వచ్చింది. ఆమె కూడా నిజాయితీ గురించే రాసింది.) ఆ డబ్బుతో అచ్చం అలాంటి పడవే కొనాలని, అటక మీద పాత వలల కింద పెట్టాలని, నాలుగు రోజుల తరువాత "ఇక్కడే ఉందే!" అని నేనే కనిపెట్టాలని నా పథకం. నాన్న అత్తను పిలుస్తాడు. అత్త వస్తుంది. నేను నోరు విప్పనక్కరలేదు. నోరు విప్పకుండా తప్పు దిద్దుకునే సౌకర్యం పూర్వం రుషులకు కూడా లేదు. ఇప్పుడు ఫోనులో ఉంది.

పాత బొమ్మలు సేకరించేవాళ్ళ కోసం నడిచే ఆ యాప్‌లో 'గతవైభవ బొమ్మల భాండాగారం' అనే విక్రేత దగ్గర నా పడవ దొరికింది. ఫొటోలో ఎండకు మెరుస్తూ ఉంది. కింద ఇలా రాసి ఉంది: "స్థితి: మింట్ (అంటే సరికొత్తదానితో సమానం). ఒక్కరే యజమాని. గీత పడుతుందేమోనని మేమే తాకలేదు."

ఇంట్లో అందరూ పనులమీద బయటికి పోయే మంగళవారం పార్సిల్ వస్తుందని యాప్ మాట ఇచ్చింది. పార్సిల్ గూడూరు చేరింది. అక్కడినుంచి వెంకటాచలం వెళ్ళింది. "మీ వస్తువు మీకు మరింత దగ్గరవుతోంది" అని సందేశం వచ్చింది. మళ్ళీ గూడూరు వచ్చి, చిల్లకూరు చూసి, ఇంకోసారి గూడూరు వెళ్ళింది. గూడూరు నిమ్మకాయలు కూడా హైవే మీద అన్నిసార్లు తిరగవు. చివరకు ఆదివారం పొద్దున, పైన పేర్కొన్న అయిదుగురి సమక్షంలో, డెలివరీ చేసే ఫ్రెడ్డీ అన్న మా వాకిట్లో బండి ఆపి, సరస్సు అవతలి ఒడ్డుకు వినపడేలా "పార్సిల్!" అని కేకేశాడు.

నిబంధనల ప్రకారం డబ్బా ఆరు వైపులా చూపిస్తూ, మధ్యలో ఆపకుండా, ఇతరుల గొంతులు లేకుండా వీడియో తీయాలి. ఫోను మస్తానమ్మ పట్టుకుంది.

"ఏందిమే అది?" అంది అవ్వ.

"మాట్లాడకూడదవ్వా. వీడియో తీస్తుండాం."

"నా ఇంట్లో నేను మాట్లాడేదానికి ఎవుర్ని అడగాలమే?" (ఇది వీడియోలో స్పష్టంగా వినిపిస్తుంది.)

డబ్బాలో పడవ ఉంది. ఎరుపు ఉండవలసిన చోట తుప్పు ఉంది. నీలం ఉండవలసిన చోట ఎవరో ఇంటి కిటికీలకు వేయగా మిగిలిన నీలం ఉంది. పొగగొట్టం ఉండవలసిన చోట, ఒకప్పుడు ఇక్కడ పొగగొట్టం ఉండేదని తెలిపే రంధ్రం ఉంది. అడుగున ఇంకో చిల్లు ఉంటే దాన్ని నమిలిన చూయింగ్ గమ్‌తో మూసి ఉంచారు. గమ్ మీద బొటనవేలి ముద్ర పడి ఉంది. (తాకలేదన్నది దీన్నే.)

అవ్వ పడవను తిప్పి చూసి నా వైపు చూసింది. "మొప్పలెత్తి చూడకుండా చేపను కొనేది మన పల్లెలో నువ్వొక్కదానివేమే."

"ఫోన్లో మొప్పలు చూపీరవ్వా."

"చూపీకపోతే కొనకూడదు. ముప్పై ఏండ్లు చేపలమ్మినా నేను. గంప మీద ఫొటో పెట్టి అమ్మినానా?"

"ఫొటోలోది చేపే అయితే వాసనైనా రాదులే పెద్దమ్మా" అని మస్తానమ్మ నవ్వింది. ఫోను ఊగింది. (నిబంధన పదకొండు (డి): ఫోను ఊగరాదు.)

అప్పుడు నాన్న లేచి వచ్చి పడవను రెండు చేతులతో అందుకున్నాడు. చాలాసేపు చూశాడు. పొగగొట్టం లేని రంధ్రాన్ని వేలితో తడిమాడు.

"నా కోసమా పాపా?" అన్నాడు.

నేను తల ఊపాను. ఏ వైపు ఊపానన్నది చూసేవాళ్ళ ఇష్టం.

నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. మా నాన్న తుఫానులో వల తెగిపోయినప్పుడు కూడా కళ్ళు తుడుచుకున్నవాడు కాదు. "చూడండే" అన్నాడు అందరి వైపూ తిరిగి. "తోడబుట్టింది ఎత్తుకుపోయినదాన్ని కడుపున పుట్టింది తెచ్చిచ్చింది."

"బంగారమన్నా నీ బిడ్డ" అంది మస్తానమ్మ.

ఆ విధంగా, అప్పటిదాకా అత్త మీద అనుమానంగా మాత్రమే ఉన్నది, నా బహుమతి డబ్బుతో రుజువైపోయింది.

ఆ సాయంత్రం నుంచి ఇంటికి ఎవరొచ్చినా నాన్న ఆ పడవను చూపించి అదే మాట చెప్పసాగాడు. వలలు బాగుచేసేవాళ్ళకు చెప్పాడు, ఐసు తెచ్చేవాళ్ళకు చెప్పాడు, ఓటరు జాబితా సరిచూడడానికి వచ్చినవాళ్ళకు చెప్పాడు. కాబట్టి ఆ పడవ ఇంట్లోంచి వెళ్ళిపోవాలి. వాపసుకు గడువు ఏడు రోజులు. నేను దరఖాస్తు పెట్టాను.

యాప్‌లో లిల్లీ అనే సహాయకురాలు ఉంటుంది. ఆమె మనిషి కాదు, అందుకే ఆమెతో నేను ధారాళంగా మాట్లాడగలిగాను. పొగగొట్టం లేదన్నాను. "మీ ఆనందమే మా ఆనందం" అంది. తుప్పు పట్టిందన్నాను. "ధన్యవాదాలు, ఇంకేమైనా కావాలా?" అంది. నాలుగు ఫిర్యాదుల తరువాత విషయం స్థితి వ్యాఖ్యాన విభాగానికి చేరింది. ఆ విభాగం అధిపతి రూఫస్‌గారు దయతో ఇలా బదులిచ్చారు:

"మింట్ అనేది వస్తువు గురించిన మాట కాదు, వస్తువు మీద విక్రేతకు ఉన్న నమ్మకం. తుప్పు వస్తువు వయసుకు ధ్రువపత్రం. ఆ ధ్రువపత్రానికి మీ వద్ద విడిగా రుసుము తీసుకోలేదని గమనించగలరు. పొగగొట్టం ఫొటోకు సంబంధించినది. ఇక చిల్లు విషయం. పడవను నీటిలో వదలనంతవరకు చిల్లు లోపం కాదు. నీటిలో వదిలితే అది వాడిన వస్తువు అవుతుంది. వాడిన వస్తువుకు వాపసు లేదు."

అయినా సంస్థ ప్రతిష్ఠ దృష్ట్యా ఒకసారి తనిఖీ చేసి, సరిగ్గా ఉంటే వెనక్కి తీసుకుంటామని రాశారు. ఏడో రోజు ఫ్రెడ్డీ అన్న వచ్చాడు. నాన్న వేటకు వెళ్ళి ఉన్నాడు. ఫ్రెడ్డీ అన్న పడవను ఒక చేత్తో, ఫోనును ఒక చేత్తో పట్టుకుని దాన్నీ దీన్నీ మార్చి మార్చి చూశాడు.

"ఫొటోలో మాదిరి ఉంటేనే తీసుకోమన్నారు పాపా. ఇది ఫొటోలో మాదిరి లేదే."

"ఫొటోలో మాదిరి లేదనే కదన్నా వెనక్కిస్తుండా."

"ఉంటే కదా నేను తీసుకునేది?"

"ఉంటే నేనెందుకిస్తానన్నా?"

ఫ్రెడ్డీ అన్న, "నిజమే. రెండేండ్లుగా చేస్తుండా ఈ పని, ఒక్కటంటే ఒక్కటి వెనక్కి తీసుకోలా. ఎందుకబ్బా అనుకుంటుండా" అన్నాడు. తరువాత తెర మీద ఇంకో ప్రశ్న వచ్చింది. చదివాడు. "వస్తువు మీద విక్రేత పూయని రంగులేమైనా ఉన్నాయా అంటుండారు."

ఉన్నాయి. ఇది మా వైపు నుంచి జరిగిన పొరపాటు. మా ఇంటికి పడవ వస్తే, పాతికడుగులదైనా జానెడుదైనా, ముక్కుకు పసుపు రాసి, మూడు కుంకుమ బొట్లు పెట్టి, నిమ్మకాయ కోసి, టెంకాయ కొట్టాలి. నేను ఆదివారం వీడియో సరిగ్గా వచ్చిందా అని చూసుకునేలోపే అవ్వ ఆ పని పూర్తి చేసింది. చూయింగ్ గమ్‌కు కూడా ఒక బొట్టు పెట్టింది.

అవ్వ లోపలి నుంచి వచ్చింది. "ఏంది అబ్బయా, పడవని యాడికి తీసకపోతుండావు?"

"వెనక్కి పంపతారంట పెద్దమ్మా."

"బొట్టు పెట్టిన పడవని వెనక్కి పంపేదా? ఆడపిల్లని పంపినట్టు? నీళ్ళకిచ్చినా ఇయ్యొచ్చుగానీ, వెనక్కి పంపకూడదు. తెలవదా మీ ఆఫీసోళ్ళకి?"

"వాళ్ళూ అదే అంటుండారు పెద్దమ్మా" అని ఫ్రెడ్డీ అన్న తెర మీద 'తిరస్కరించడమైనది' అన్నచోట నొక్కాడు. ఒకదాన్నొకటి ఎన్నడూ చూడని రెండు వ్యవస్థలు మా వాకిట్లో ఇంత సామరస్యంగా ఏకాభిప్రాయానికి రావడం చూసి, సంతోషించాల్సింది నేనొక్కదాన్నే మిగిలాను.

అయిదో ఫిర్యాదు రాయడానికి మొదటి నాలుగూ తీసి చదివాను. బాగా రాశాను (రెండో బహుమతి ఊరికే రాదు). "లోపం ఉందని మీకు మొదటినుంచీ తెలుసు. తెలిసి దాచారు. బయటికి ఒకటి చెప్పి లోపల ఇంకొకటి పెట్టారు. మీ మౌనం వల్ల ఏ తప్పూ చేయనివారు నష్టపోయారు." పైన విక్రేత పేరు ఉంది కాబట్టి సరిపోయింది. ఆ పేరును వేలితో మూసి చదివితే, ఫిర్యాదు నాకు బాగా తెలిసిన ఇంకొకరి మీద రాసినట్టు ఉంది.

అయిదోది రాయలేదు. పడవను కండువాలో చుట్టుకుని మూడు వీధులు నడిచాను.

అత్త తలుపు తీసింది. నన్ను చూసి, నా వెనక వీధిలోకి చూసింది. "మీ నాయన పంపినాడా?" అంది. ఎనిమిదేళ్ళలో ఆమె గొంతు నేను వినడం అదే మొదటిసారి.

"లేదత్తా."

"మరి?"

నేను కండువా విప్పాను. దారిలో ఇరవైసార్లు అనుకున్న మాటను పడవను చూస్తూ చెప్పాను. "అప్పుడు పడవని నేనే సరస్సులో వదిలినానత్తా. నువ్వు కాదు."

అత్త పడవను తీసుకుని, చేపను చూసినట్టే తిప్పి అడుగు చూసింది. గమ్ మీద ఉన్న ముద్రలో తన బొటనవేలు పెట్టింది.

"ఇదేనా అది?"

"కాదత్తా. ఇది కొన్నది."

"మా నాయన దినానికి నన్ను పిలవలా" అంది అత్త, పడవతోనే మాట్లాడుతున్నట్టు. "నా బిడ్డ మీ వీధిలో నడిస్తే దొంగదాని కొడుకన్నారు. నువ్వు ఆడనే ఉండావు కదమే."

"ఉండానత్తా."

"ఈ మాట మీ నాయనకి చెప్పినావా?"

"లేదత్తా. ముందు నీకు చెప్పాలని..."

"నాకెందుకమే చెప్పేది? నేను ఎత్తలేదని నాకు తెలవదా? తెలవనోళ్ళకి చెప్పుపో."

పడవను నా చేతిలో పెట్టి తలుపు వేసేసింది. ఈ మొత్తం వ్యవహారంలో ఏ పత్రమూ అడగకుండా, అక్కడికక్కడే పూర్తయిన వాపసు ఇదొక్కటే.