తిన్నె మీది గుండె మందు

ఎర్ర వైను గుండెకు మంచిది. నమ్మనివాళ్ళు మా వీధికి వచ్చి మా మగవాళ్ళను ఒకసారి చూడండి.

పోయిన ఏడు మా అక్క అమ్మాయమ్మకు పెరట్లోకి నడిచినా ఆయాసం వచ్చేది. ఫ్రెంచి డాక్టరు గొట్టం పెట్టి విని, గుండె నీరసించిందన్నాడు. రాత్రి భోజనంతో ఒక చిన్న గ్లాసు ఎర్ర వైను ఇమ్మన్నాడు. అంతకు మించవద్దన్నాడు. ఓడలో వచ్చిన సరుకు చూసి నేనే సీసా తెచ్చాను.

మనల్ని ఏలేది ఫ్రెంచివాళ్ళే కావచ్చు, వంటిల్లు మాత్రం మనది. సీసా గడప దాటి లోపలికి వస్తే ఇల్లు మైలపడుతుంది. భర్త పోయిన ఆడది గడప దాటి తిన్నె మీద కూర్చుని తాగితే వంశం మైలపడుతుంది. కాబట్టి సీసా తిన్నె మీద, అక్క లోపల. ఇంత చక్కటి తీర్పు ఏ కోర్టు ఇస్తుంది?

"అట్లయితే నేను యాడ తాగేది చిన్నాయనా?" తలుపు చాటునుంచి అక్క అడిగింది.

"తొందరేందమ్మా? పురోహితం అయ్యవారిని అడిగి చెప్తాం" అన్నాడు మా చిన్నాయన సుబ్బరాయలు. అప్పటికే మందు మంచిదో కాదో చూడాలని మూత తీసేశాడు. "తీసింది పెడితే పులిసిపోతుంది గదా."

పులవనిస్తామా! ఎదురింటి వీరరాఘవన్‌ను కూడా పిలిచాడు. మితంగా తాగమని డాక్టరు చెప్పాడు కనుక, ఒక్కడే తాగడం తప్పని ఆయన అభిప్రాయం.

గుణం వెంటనే కనిపించింది. వీరరాఘవన్ రేవు దాకా పాడుకుంటూ నడిచాడు. చిన్నాయన ఏళ్ళ తరబడి మాట్లాడని దాయాదిని కౌగిలించుకున్నాడు. వైను గుండెను విశాలం చేస్తుందనడానికి ఇంకేం రుజువు కావాలి?

అక్కను ఎవరూ మరిచిపోలేదు. మందన్నాక పథ్యం ఉండాలి గదా? ఆమెకు ఉప్పు, పులుపు, నూనె మాన్పించారు.

"మందు వాళ్ళు తాగేది, పథ్యం నేను చేసేదా?" అని నవ్వింది అక్క. నవ్వితే ఆయాసం వచ్చి గోడకు ఆనుకుంది. "పోనీలే తమ్ముడూ. ఇంటికి ఒక గుండె బాగుంటే చాలు."

నేను ఇంకో సీసా తెచ్చాను. దాన్నీ తిన్నె మీదే కాపాడారు. లోపలికి ఇద్దామని పట్టుకుంటే, "బడిపంతులివి, శాస్త్రం నీకేం తెలుసురా?" అని చిన్నాయన లాక్కున్నాడు. అయ్యవారు ఇంకా పంచాంగం చూస్తూనే ఉన్నాడు.

కార్తీకంలో అక్క పోయింది.

చిన్నాయన ఆమె పక్కన కూలబడి ఛాతీ పట్టుకున్నాడు. వీరరాఘవన్ తిన్నె మీది సీసా అందుకుని సరాసరి నడింట్లోకి తెచ్చి ఆయన నోట్లో పోశాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. చావుతో ఇల్లు అప్పటికే మైలలో ఉంది, కొత్తగా మైలపడేదేమీ లేదన్నారు.

చదువరులారా, డాక్టరును తప్పుపట్టకండి. తాగినవాళ్ళంతా కులాసాగా ఉన్నారు.