అరువు దుమ్ము

ఆ రోజు ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు పిల్లల ఆసుపత్రి నుంచి పరిశోధకురాలు వస్తుంది. ఆ ఇంటి పాప పిట్ట మంచం మీది దుమ్మును చిన్న యంత్రంతో పీల్చి, పొట్లంలో వేసుకుని వెళ్ళిపోతుంది. ఇంట్లోవాళ్ళు చేయవలసింది ఒక్కటే, ఏమీ చేయకుండా ఉండటం. ఆ ఒక్కటీ నానమ్మ వల్ల కాలేదు.

పిట్టకు ఏడేళ్ళు. ఏడాదిగా సాయంత్రమయ్యేసరికి దగ్గు, ఆయాసం, ఛాతీలో సన్నటి ఈల. పోస్టాఫీసు కౌంటరులో పనిచేసే తల్లి ఇంటికొచ్చి కంచాలు పెట్టే వేళకి దగ్గు మంచి ఊపు మీద ఉంటుంది. కాబట్టి ఆ పూట కంచంలో ఏముంటే అదే దోషి. మొదట పాలు పోయాయి, తరువాత వేరుశనగపప్పులు పోయాయి, చివరికి కోడిగుడ్డు పోయింది. పాలు పోయినందుకు పిట్ట ఏమీ అనుకోలేదు. గుడ్డు పోయినందుకు మాత్రం నోటుపుస్తకం వెనక అట్ట మీద రోజుకో గీత గీస్తూ వచ్చింది. ఇప్పటికి నూట నలభై రెండు గీతలు.

పిల్లలకు కొన్ని తిండ్లు పడకపోవడానికీ, ఉబ్బసానికీ మధ్య లంకె ఏమిటో కనిపెట్టే పరిశోధన ఒకటి ఆసుపత్రిలో నడుస్తోంది. అందులో చేరిన పిల్లలకు రక్తం చూస్తారు, పక్క దుమ్ము చూస్తారు. అన్నీ సరిపోతే చివర్లో డాక్టర్ల కళ్ళముందే అనుమానం ఉన్న తిండి పెట్టి చూస్తారు. ఆ చివరి మాట కోసమే పిట్ట రక్తం ఇచ్చేటప్పుడు కూడా ఏడవలేదు.

"అత్తయ్యా, పద్నాలుగు రోజులు ఆ గదిలో చీపురు పెట్టకూడదు. దుప్పటి దులపకూడదు. మీకు దణ్ణం పెడతాను," అంది తల్లి.

"పరాయిమనిషి వచ్చి మనింటి దుమ్ము చూడటమేంటమ్మాయ్, పరువు తక్కువ!" అంది నానమ్మ. అయినా మనవరాలి కోసం పదమూడు రోజులు ఆ గది ముందు నుంచి మొహం తిప్పుకుని నడిచింది. పద్నాలుగో రోజు, అంటే పరిశోధకురాలు రావలసిన ఆ ఉదయం, కోడలు పోస్టాఫీసుకీ, పిట్ట బడికీ వెళ్ళాక ఆవిడ చేయి ఆవిడ మాట వినలేదు. దుప్పటి ఉతికింది. పరుపును బాల్కనీలో వేసి బాదింది. మంచం కింద తడిగుడ్డ పెట్టింది. ఆ ఊపులో ఫ్రిజ్ తలుపు కూడా తుడుస్తుంటే, దానికి అంటించిన ఆసుపత్రి కాగితం కంటపడింది. ఆఖరి వాక్యం పెద్ద అక్షరాల్లో ఉంది. దుమ్ము చాలకపోతే ఆ బిడ్డను పరిశోధన నుంచి తప్పిస్తారు.

నానమ్మ చెంచా పట్టుకుని గదులన్నీ తిరిగింది. బీరువా వెనక చూసింది, తలుపు సందుల్లో చూసింది. నలభై ఏళ్ళ శుభ్రత ఆవిడను నిలువునా ముంచింది. గడియారం తొమ్మిదీ పది చూపిస్తోంది. ఆవిడ స్టీలు గ్లాసు తీసుకుని ఎదురు ఫ్లాటు తలుపు తట్టింది.

అక్కడుండేది ఒంటరిగా బట్టలు కుట్టుకునే టైలరమ్మ. తలుపు జానెడు తెరిచి, నోట్లో గుండుసూదులతో తొంగిచూసింది.

"అమ్మాయ్, ఓ గ్లాసుడు దుమ్ముంటే పెడతావా? మళ్ళీ ఇచ్చేస్తాను."

టైలరమ్మ సూదులు ఒక్కొక్కటీ తీసింది. "మా ఇంట్లో దుమ్ముంటుందని మీకెవరు చెప్పారు పిన్నిగారూ?"

"అయ్యో, అలా కాదే తల్లీ! రోజంతా మిషను తొక్కే మనిషివి, ఊడ్చుకునే తీరిక నీకెక్కడిదని."

"అంటే నేను ఊడవననా?"

"ఊడిస్తే ఇప్పుడు నా గతేంటి?"

విషయం విన్నాక టైలరమ్మ మొహం మెత్తబడింది. పిట్ట పేరు చెబితే ఆమె కాదనలేదు. "మీరు లోపలికి రాకండి, నేనే తెస్తా," అని తలుపు దగ్గరగా వేసి, దివాను కింద నుంచి గ్లాసు నిండా ఊడ్చి తెచ్చింది. "చాలకపోతే బీరువా కింద ఇంకా ఉంది. మొహమాటపడకండి."

నానమ్మ ఆ దుమ్మును పరుపు మీద ఉప్పు చల్లినట్టు సమంగా చల్లింది. కాళ్ళవైపు ఎక్కువైందనిపించి కాస్త తలగడవైపు సర్దింది.

పదింటికి వచ్చిన పరిశోధకురాలు యంత్రం పెట్టగానే కళ్ళు పెద్దవి చేసింది. "బామ్మగారూ, వంద ఇళ్ళు తిరిగాను. ఇంత మంచి దుమ్ము ఎక్కడా దొరకలేదు!"

జీవితంలో మొదటిసారి తన ఇంటి దుమ్మును ఎవరో మెచ్చుకున్నారు. సిగ్గుపడాలో సంతోషించాలో నానమ్మకు తెలియలేదు.

"ఇందులో రంగురంగుల దారప్పోగులు ఉన్నాయే. కుట్టుపని చేస్తారా?"

"అదీ... అప్పుడప్పుడు," అంది, ఇరవై ఏళ్ళుగా సూదిలో దారం ఎక్కించని నానమ్మ.

"ఇంట్లో జంతువులేమైనా?"

"ఈ బిల్డింగులో పెంచనివ్వరమ్మా. కింద బోర్డు పెట్టారుగా." అదొక్కటీ నిజమే చెప్పగలిగినందుకు ఆవిడ గొంతు గట్టిగా పలికింది.

మూడు వారాల తరువాత ఫోన్ వచ్చింది. పిట్ట రక్తానికి అసలు పడనిది పిల్లి. వాళ్ళ దుమ్ములో ఉన్నదీ పిల్లే. పిల్లి ఒంటి నుంచి రాలే పొట్టు పరిశోధనలోని అన్ని ఇళ్ళకన్నా ఆ ఇంట్లో ఎక్కువ. పిల్లి లేని ఇంట్లో అంత పిల్లి ఎక్కడిదని పరిశోధకురాలికి నిద్రపట్టడం లేదట.

ఆ రోజు నుంచి ఇంట్లోనూ ఎవరికీ మనశ్శాంతి లేదు. లిఫ్టులు బాగుచేసే తండ్రి టార్చిలైటు పట్టుకుని అటకెక్కాడు, మంచం కింద దూరాడు, ఎందుకైనా మంచిదని ఫ్రిజ్ వెనక కూడా చూశాడు. పిల్లి దొరకలేదు. దొరకని కొద్దీ తల్లి చూపు ఆయన మీదికి మళ్ళింది.

"ఏవండీ, రోజూ పది బిల్డింగులు తిరుగుతారు. ఎక్కడో పిల్లిని ముద్దు చేస్తున్నారు, నిజం చెప్పండి."

"నేను లిఫ్టు లోపల ఉంటానే! పిల్లులు లిఫ్టు బాగుచేయించుకుంటాయా?"

వాదన నిలవలేదు. ఆయన పని బట్టలు గుమ్మం బయటే విప్పాలని ఉత్తర్వు వచ్చింది. రెండో రోజే, మెట్ల మీద చొక్కా విప్పుతున్న ఆయన్ను పైఅంతస్తు లెక్చరరు కుటుంబసమేతంగా చూశాడు. అప్పటినుంచి వాళ్ళు లిఫ్టులోనే దిగుతున్నారు.

ఇదంతా చూడలేక నానమ్మ ఎదురు ఫ్లాటుకు నడిచింది. టైలరమ్మను నిలదీస్తే, "పిల్లేంటి పిన్నిగారూ, నాకు తెలీదు," అని తలుపేసుకుంది. పిట్టేమో విచిత్రంగా ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మామూలుగా అయితే పిల్లి పొట్టు ఏ రంగులో ఉంటుందని మొదలుపెట్టి ప్రాణం తీసేది.

శనివారం పరిశోధకురాలు తమ పెద్ద డాక్టరును వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన గోడలు తట్టి చూశాడు, కిటికీలు కొలిచాడు, గాలి ఎటు నుంచి వీస్తుందో తడివేలితో చూశాడు.

"అద్భుతమైన కేసు!" అన్నాడు. "ఈ పిల్లి సంగతి తేలాలి. కనీసం ఆరు నెలలు చూద్దాం. అప్పటిదాకా గుడ్డు పరీక్ష ఆపుదాం."

పిట్ట ఏడవలేదు. నోటుపుస్తకం తిరగేసి, ఇంకో నూట ఎనభై గీతలకు అట్ట మీద చోటుందా అని వేలితో కొలుచుకుంది. అది చూసి నానమ్మ గుండె తరుక్కుపోయింది.

"ఆ దుమ్ము మాది కాదు బాబూ," అంది. "అరువు తెచ్చాను."

పరిశోధకురాలి చేతిలోంచి కలం జారి పడింది. "బామ్మగారూ, దాని మీద నేను పదహారు పేజీలు రాశాను!"

"అత్తయ్యా!" అంది తల్లి.

తండ్రి మాత్రం నెమ్మదిగా లేచి, గుమ్మం బయట వేలాడుతున్న తన చొక్కాను లోపలికి తెచ్చుకున్నాడు.

పెద్ద డాక్టరు నిట్టూర్చి కాగితాలు సర్దుకున్నాడు. "వేరే ఇంటి దుమ్ము అయితే ఈ ఫలితం చెల్లదు. పాపను తప్పించాలి."

"వేరే ఇల్లు కాదు, టైలరత్తయ్య ఇల్లు," అంది పిట్ట. "రోజూ బడి నుంచి వచ్చాక నేనక్కడే ఉంటాగా."

తల్లి అత్తగారి వైపు తిరిగింది. నానమ్మ నేల చూపులు చూసింది. "నడుం వాల్చుకుంటానని... ఓ రెండు గంటలు పంపిస్తున్నానమ్మాయ్. ఏడాది నుంచి. నీతో చెప్పడానికి మొహం చెల్లలేదు."

పిట్ట నోటుపుస్తకం డాక్టరు ఒళ్ళో పెట్టింది. ఏం తిన్నదీ, ఎప్పుడు దగ్గిందీ రాయమని ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన పుస్తకం అది. పిట్టకు ఆ రెండు గళ్ళూ చాలలేదు. స్కేలు పెట్టి మూడో గడి గీసుకుంది, ఎక్కడున్నాను అని. దగ్గిన ప్రతి రోజూ అందులో ఒక బొమ్మ ఉంది. రెండు చెవులు, ఒక తోక. టైలరమ్మ ఇంటికి వెళ్ళని ఆదివారాల్లో బొమ్మా లేదు, దగ్గూ లేదు. ఒక ఆదివారం తండ్రి దొంగచాటుగా ఉడికించి పెట్టిన గుడ్డు కూడా అందులో నమోదై ఉంది. ఆ రోజూ దగ్గు లేదు. తండ్రి తన చొక్కా తీసుకుని మళ్ళీ గుమ్మం వైపు నడిచాడు.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేమే?" అంది తల్లి.

"పిల్లి సంగతి తెలిస్తే బిల్డింగులోంచి పంపించేస్తారని టైలరత్తయ్య ఏడ్చింది. చెప్పనని ఒట్టేశాను." పిట్ట మూడో గడి మీద వేలు పెట్టింది. "రాయనని ఒట్టెయ్యలేదు."

పెద్ద డాక్టరు పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాడు. ముప్పై ఏళ్ళుగా పిల్లలు ఎక్కడ పడుకుంటారని అడుగుతున్నాం గానీ, మెలకువగా ఉన్నప్పుడు ఎక్కడుంటారని అడగలేదని మెల్లగా అన్నాడు. వంద ఇళ్ళ దుమ్ముల్లో సరైన చోటు నుంచి వచ్చింది ఈ అరువు దుమ్మే కావచ్చన్నాడు. పరిశోధనలో పిట్ట పేరు ఉంచారు. పిల్లి ఎవరిదో మాత్రం ఎక్కడా రాయలేదు.

పిల్లి టైలరమ్మ దగ్గరే ఉంది. సాయంత్రాలు ఆమే ఒళ్ళు కడుక్కుని, బట్టలు మార్చుకుని, గుండీల డబ్బాతో ఇటు వస్తోంది. నానమ్మ నడుం వాల్చడం మానేసింది. తరువాతి నెలలో ఆసుపత్రిలో డాక్టర్ల కళ్ళముందు పిట్ట ఉడికించిన గుడ్డును చిటికెడు చిటికెడుగా తిన్నది. నాలుగు గంటలు కూర్చోబెట్టి చూశారు. దగ్గు రాలేదు. గుడ్డు మీద నింద వేసినందుకు తల్లి కళ్ళు తుడుచుకుంది. ఇంకోటి ఉందా అని పిట్ట అడిగింది.

పరిశోధన ఇంకా సాగుతోంది. దరఖాస్తులో మాత్రం రెండు కొత్త ప్రశ్నలు చేర్చారు. మొదటిది, బిడ్డ పగలు ఎవరింట్లో ఉంటుంది? రెండోది, ఈ దుమ్ము మీ సొంతమేనా?