మంత్రిగారి ఇమ్యూనిటీ మహోత్సవం

ఉద్దానం కిడ్నీ రోగుల్లో ఇకపై ఒక్కరికి కూడా జలుబు రాదని మంత్రి సూర్యప్రకాష్ గారు పలాసలో ప్రకటించారు. అందుకోసం డయాలసిస్ వార్డులోనే 'ఇమ్యూనిటీ మహోత్సవం' జరిపి, రోగులను స్వయంగా కౌగిలించుకుంటానని మాటిచ్చారు. అంత పెద్దమనసు ఆయనది.

కౌగిలింతకు తొలి లబ్ధిదారుగా కూర్మనాథం ఎంపికయ్యాడు. కంచిలి దగ్గర కొబ్బరి రైతు. రెండేళ్లుగా వారానికి మూడుసార్లు వచ్చి మెషీన్‌కి చెయ్యి అప్పగిస్తున్నాడు. ఎంపిక చేసింది పార్టీ నాయకుడు ఢిల్లీరావు. కూర్మనాథానికి వరసకు అల్లుడు.

నర్సు శిరీష అడ్డుపడింది. "గుంపు లోపలికి రాకూడదండీ. కిడ్నీలు పాడైతే రక్తంలో తెల్లకణాలు నీరసపడిపోతాయి. డయాలసిస్ రక్తాన్ని కడుగుతాది గానీ వాటికి పూర్తి బలం తేలేదు. పైగా మెషీన్ గొట్టాలు తగిలినప్పుడల్లా శత్రువొచ్చాడని ఉలిక్కిపడి అలిసిపోతాయి. తీరా క్రిమి వచ్చేసరికి లేవలేవు."

"అంటే పోస్టులో ఉంతాయి, పని సెయ్యవు," అన్నాడు కూర్మనాథం.

"అంతే తాతా. అందుకే మీకు కామెర్ల టీకా కూడా డబుల్ డోసు వేశాం."

"సూడు సెల్లెమ్మా, మంత్రిగారి కంటే టీకా ఏటుంతాది?" అన్నాడు ఢిల్లీరావు.

మంత్రిగారు నూట నలభైమందితో వచ్చారు. వార్డులో ఉన్నవి పది మంచాలు. చేతులు కడుక్కోమని చెప్పబోయిన శిరీషకు శాలువాల పళ్లెం ఇచ్చి గుమ్మం దగ్గర నిలబెట్టారు. మంత్రిగారు మూడుసార్లు తుమ్మారు. కార్యకర్తలు మూడుసార్లు చప్పట్లు కొట్టారు.

ఆయన వంగి కౌగిలించుకున్నప్పుడు ఆ ఊపిరి కూర్మనాథం మెడకు వేడిగా తగిలింది. పక్కకు జరుగుదామంటే చేతికి రెండు సూదులున్నాయి. కళ్లు మూసుకున్నాడు. భక్తితో మూసుకున్నాడని మర్నాడు పేపర్లో వచ్చింది.

నాలుగోనాటికి అతనికి జ్వరం, ఆయాసం. ఊపిరితిత్తులకు నిమ్ము చేరిందన్నారు. అంబులెన్సులో శ్రీకాకుళం తీసుకుపోయారు.

ఈలోగా తుమ్ములు దగ్గుల్లోకి దిగడంతో మంత్రిగారు విశాఖలో ఆసుపత్రి స్పెషల్ రూములో చేరారు. రోగుల మధ్య ప్రాణాలకు తెగించి తిరిగి ఇన్ఫెక్షన్ తెచ్చుకున్నారని బులెటిన్ విడుదలైంది. ఆయన నియోజకవర్గం టెక్కలిలో గుళ్లోనూ చర్చిలోనూ ప్రార్థనలు జరిగాయి.

ఢిల్లీరావు ఫోను పట్టుకుని శ్రీకాకుళం ఆసుపత్రిలో కూర్మనాథం మంచం దగ్గరకొచ్చాడు.

"మావా, ఆ ఆక్సిజన్ మాస్కు ఓపాలి తియ్యి. వీడియోలో మొకం కనబడాల."

"ఏటి సెప్పాలిరా?"

"నా వల్ల తమరికి జొరమొచ్చింది, సెమించండి, బేగి కోలుకోండి అని సెప్పు. పలాసలో నీ పొద్దుటి షిఫ్టు బెడ్డు ఎవులిప్పించారో మరిసిపోకు."

కూర్మనాథం మాస్కు తీశాడు. "నా వల్ల తమరికి..." దాకా వచ్చి ఊపిరందక ఆగిపోయాడు. పెదాలు నీలంగా మారాయి.

ఢిల్లీరావు ఫోను సరిచేసుకున్నాడు.

"బాగుంది మావా. ఇంకోపాలి. ఈసారి కొంచెం నవ్వుతూ సెప్పు."