బ్యాడ్జి క్షేమం

మానవజాతి ఇంతవరకు కనిపెట్టిన రక్షణ సాధనాలన్నిటిలోకీ మా ఆసుపత్రి బ్యాడ్జిని మించింది లేదని నిస్సంకోచంగా ప్రకటిస్తున్నాను. న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో పనిచేసేవాళ్లు ఛాతీమీద పెట్టుకునే చిన్న బిళ్ల అది. ఒంటికి తగిలిన రేడియేషన్ ఎంతో లెక్కకడుతుంది. లెక్క హద్దు దాటితే పైఆఫీసుకు సంజాయిషీ రాసుకోవాలి. (రాయాల్సింది మా విభాగం రేడియేషన్ రక్షణాధికారి. అందుకే ఆయనకు బ్యాడ్జిలంటే పంచప్రాణాలు.)

పోయినేడు లెక్క కాస్త పెరిగేసరికి ఆయన తల బద్దలుకొట్టుకుని ఒక ఉత్తర్వు వేశారు: బ్యాడ్జిలను రేడియేషన్ బారినుంచి కాపాడవలసిన బాధ్యత సిబ్బందిదే. ఆనాటినుంచి అవన్నీ రేడియేషన్ చొరబడని సీసపు బీరువాలో హాయిగా ఉంటున్నాయి. రీడింగులు సున్నాకి దిగాయి. పైఆఫీసు ముచ్చటపడి అభినందన పంపింది.

ఇలా అంతా సుఖంగా ఉండగా ఇంజెక్షన్ గది టెక్నీషియనుకి నెల తప్పింది. రేడియేషన్ మందు రోగులకు ఎక్కించేది ఆవిడే. ఎక్కించాక కాసేపు ఆ రోగి పక్కన నిలబడడం కూడా పొయ్యి పక్కన నిలబడడమే. తనను రిపోర్టుల గదికి మార్చమని అడగడానికి రక్షణాధికారి దగ్గరకు వెళ్లింది.

"నాకు మూడో నెల సార్. లోపల బిడ్డకి ఎంత తగులుతోందోనని భయంగా ఉంది."

"భయమెందుకమ్మా? నీ రీడింగు సున్నా. ఇంత క్షేమంగా ఉన్న మనిషిని మార్చమంటే పైవాళ్లు నవ్విపోతారు."

"అది బీరువా రీడింగు సార్. నేను బీరువాలో ఉండట్లేదు కదా."

"అలాగైతే పెట్టుకుని చూపించు తల్లీ. రీడింగు వస్తే నేనే మారుస్తాను, సరేనా?"

ఆవిడా మొండిదే. నెలంతా బ్యాడ్జి పెట్టుకునే పనిచేసింది. (బ్యాడ్జిని అపాయంలోకి తీసుకెళ్లినందుకు మధ్యలో ఒక మెమో అందుకుంది.) నెలాఖరుకి రీడింగు హద్దు దాటింది. పక్క గదిలో గుమాస్తాని, నాకేం సంబంధం లేకపోయినా భలే సంతోషమేసింది.

రక్షణాధికారి నిజంగానే కంగారుపడ్డారు. ఆయన చెడ్డవాడేం కాదు. అప్పటికప్పుడు కమిటీని కూర్చోబెట్టి, బతిమాలి, బల్ల గుద్ది, బదిలీ మంజూరు చేయించారు. మర్నాడు పొద్దున్నే రిపోర్టుల గదిలో కిటికీ పక్క కుర్చీ తుడిపించి, ఫ్యాను గాలి తగిలేలా జరిపించి, అందులో బ్యాడ్జిని కూర్చోబెట్టారు.

"మరి నేను సార్?" అని అడిగింది ఆవిడ.

"నీకింకేం భయం తల్లీ? ఇకమీదట నీకు రీడింగే ఉండదు," అన్నారాయన, ఇంజెక్షన్ గది తలుపు ఆవిడకోసం స్వయంగా తెరిచి పట్టుకుని.