హైకోర్టుకు పోయిన పొట్టేలు

నల్లగొండ జిల్లాలో ఢిల్లీ పెద్ద కోర్టు మెట్లెక్కిన పొట్టేలు ఒకే ఒక్కటి. అది ఐలేశం పొట్టేలు. గొడవ మొదలైన ఉదయం మాత్రం ఐలేశం ఢిల్లీ అనుకోలేదు. బావమరిది సాయిలు మందలో కలిసిపోయిన పొట్టేలును తోలుకొచ్చి, గంజి తాగి, గొర్రెలను మేతకు విడవాలనుకున్నాడు, అంతే.

"గిది నాది బావా. సెవు గాటు సూడు," అన్నాడు సాయిలు.

మంద గుర్తుగా కోసే చెవి గాటు రెండు మందలకూ ఒకటే.

"నీ అక్క మొకం సూసి ఊకుంటున్న. కోర్టుల సూస్కుందాం రా!" అన్నాడు ఐలేశం.

మున్సిఫు కోర్టు పొట్టేలు ఐలేశానిదంది. జిల్లా కోర్టేమో కాదు, సాయిలుదంది. ఐలేశం హైకోర్టుకెక్కాడు. కేసు తేలేదాకా పొట్టేలును పొరుగు కాపరి గురవయ్యకు అప్పగించారు. పొట్టేలు లేక ఐలేశం గొర్రెలు ఈనడం మానేశాయి, మంద పలచబడుతోంది. గురవయ్య మాత్రం ఇద్దరినీ విడివిడిగా కలిసి, "ఇడువకు! న్యాయం నీ దిక్కే ఉన్నది," అని ధైర్యం చెప్పేవాడు.

పిలిస్తే ఎవరి దగ్గరికి వస్తే జీవం వారిదేనని కాపరుల కట్టుబాటు. పెద్ద జడ్జి అదే చూస్తాడనుకుని ఐలేశం గురవయ్యనూ పొట్టేలునూ హైదరాబాదు బస్సెక్కించాడు. సాయిలూ వెనకే ఎక్కాడు. కండక్టరు పొట్టేలుకు కిటికీ పక్క సీటిచ్చాడు. గురవయ్య నిలబడ్డాడు.

హైకోర్టు దగ్గర ఐలేశం వకీలు దశరథం తల పట్టుకున్నాడు. "దీన్నెందుకు తెచ్చినవయ్యా?"

"జడ్జి సాబు సూడొద్దా?"

"ఈడ పొట్టేలు ఎవరిదని అడగరు. కింది కోర్టు కాయిదా కానూను ప్రకారం అడిగిందా లేదా, గంతే అడుగుతరు."

"మరి ఎవరిదని అడిగే కోర్టు యాడున్నది? ఢిల్లీలనా?"

"నల్లగొండల."

అన్నట్టే తీర్పు వచ్చింది: సాక్ష్యం సరిగా చూడలేదు, కేసు మళ్ళీ కింద మొదలుపెట్టండి. మొదట చెప్పిన ఢిల్లీని ఇక్కడే దింపేద్దాం. కేసు హైదరాబాదు నుంచే వెనక్కి తిరిగింది.

"మంచిగైంది! మళ్లా మొదటిసంది నడిపియ్యుండ్రి. పొట్టేలు నా తాన పైలంగ ఉంటది," అన్నాడు గురవయ్య, అవసరానికి మించిన సంతోషంతో.

బావా బావమరుదులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సాయిలు మెల్లగా అడిగాడు: "గురవన్నా, నీ మందల గొర్రెపిల్లలు మస్తు పెరిగినయట గదా?"

గురవయ్య హైకోర్టు గుమ్మటాలను చూడసాగాడు.

"ఇగ కోర్టులు సాలు. ఈడనే పిలుద్దాం బామ్మర్దీ," అన్నాడు ఐలేశం. ఒకరు నాలుకతో చప్పుడు చేశారు, ఒకరు ఈల వేశారు. పొట్టేలు ఇద్దరినీ దాటుకుని పోయి గురవయ్య మోకాలికి నుదురు రుద్దింది.

"మీ కట్టుబాటే గద," అన్నాడు గురవయ్య వినయంగా.

ఆ వారమే నల్లగొండలో కొత్త దావా పడింది. ఒక పక్క ఐలేశం, సాయిలు కలిసి. ఇంకో పక్క గురవయ్య. పొట్టేలు మళ్ళీ గురవయ్య అప్పగింతలోనే.

ఢిల్లీ పోగా ఇందులో నేను కల్పించింది బస్సు సీటు ఒక్కటే. పొట్టేలు నిలబడే పోయింది, కూర్చున్నది గురవయ్య.