మొదటి నుంచే లేని నాగన్న గారు

"ఆడబిడ్డ కోసం అవసరమైతే కోర్టుకు, చర్చికి ఒకే రోజు పోతా" అని మా వనపర్తి నాయకులు నాగన్న గారు ప్రెస్ మీట్ పెట్టి ప్రకటించారు. ఇంతటి త్యాగం ఈ మధ్య కాలంలో ఎవరూ చేయలేదు. ఆ ప్రకటనకు ఫ్లెక్సీ కొట్టింది నేనే కాబట్టి ఘంటాపథంగా చెబుతున్నాను.

ఆ ఆడబిడ్డ నవ్య. కూలి పని చేసే ఎస్తేరమ్మ కూతురు. నిరుడు ఆమెకు తన పార్టీ కార్యకర్త ఉదయ్ కిరణ్‌తో చర్చిలో పెళ్ళి జరిపించింది నాగన్న గారే. నెల తిరక్కుండానే పెళ్ళికొడుక్కి రాయచూరులో ముందే పెళ్ళయిందని తెలిసింది. తెలిసిన రోజే వాడు పరార్. ఆ మొదటి భార్య వలస పోయి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. మిగిలిన ఆధారం రాయచూరు పెళ్ళి కార్డు ఒక్కటే. అందులో ముఖ్య అతిథి నాగన్న గారి ఫోటో పేజీ నిండా ఉంది. పెళ్ళికొడుకు ఫోటోకు చోటు చాలలేదు. ఇక రాయచూరు పెళ్ళికొడుకూ ఇక్కడి పెళ్ళికొడుకూ ఒక్కడేనని చెప్పగలిగింది, రెండు పెళ్ళిళ్ళూ చూసిన ఆయనే.

మా చర్చి ఫాదర్ ఇన్నయ్య నాగన్న గారికి ఓపిగ్గా వివరించారు.

"విడాకులంటే ఉన్న పెళ్ళిని తెంపుడు. ఇది గట్ల కాదు. ఈ పెళ్ళి మొదటి నుంచే లేదని తేల్చుడు. కోర్టు తీర్పు కోర్టుకే, చర్చి తీర్పు చర్చికే. రెండూ కావాలె. రెండు దిక్కులా మీరే సాక్ష్యం చెప్పాలె."

నాగన్న గారి ముఖం వెలిగిపోయింది.

"మొదటి నుంచే లేనట్టా? గింత మంచి సౌలత్ ఉన్నదని నాకు ఒక్కడన్న చెప్పకపాయె!"

"ఉత్తగ ఇయ్యరు. మోసం జరగాలె, లేకుంటే ఆనాడు మనసుల సమ్మతి లేకుండాలె..."

"సమ్మతి లేకున్నా నడుస్తదా?" అంటూ ఆయన డైరీలో రాసుకున్నారు. ఆ జ్ఞానతృష్ణకు నా కళ్ళు చెమర్చాయి.

సోమశిలలో పడవ నడిపే రాకేష్ నవ్యను చేసుకుంటానని కూర్చున్నాడు. తీర్పు రానిదే చర్చిలో పెళ్ళి కాదు.

"సార్, వాడే వీడని ఒక్క మాట చెప్పున్రి, సాలు" అంది నవ్య.

"నీ అన్నను తల్లీ. ఎందుకు చెప్ప?"

బిషప్ గారి న్యాయపీఠం కోసం ఫాదర్ వాంగ్మూలం తీసుకునేది గురువారం. బుధవారం పొద్దున నాగన్న గారు అధికార పార్టీలో చేరారు.

"పార్టీ ఫిరాయించారా?" అని విలేకరులు అడిగారు.

"ఉన్నోడు గదా ఫిరాయించేది! ఆ పార్టీల నేను మొదటి నుంచే లేను. కండువా కప్పిన నాడు నా సమ్మతి లేకుండె. అప్పుడు నేను ఫోన్ల మాట్లాడుతుంటి."

పన్నెండేళ్ళ పార్టీ జీవితం ఆ విధంగా చెల్లకుండా పోయింది. నాకు కొత్త ఫ్లెక్సీల ఆర్డరు వచ్చింది.

గురువారం ఆయన చెప్పిన టైముకే వచ్చి కూర్చున్నారు.

"రాయచూరు పెళ్ళికి మీరు పోయిన్రా?" అడిగారు ఫాదర్.

"పార్టీ తరఫున ఎవరో పోయిన్రు. ఆ పార్టీల నేనే లేను. లేనోడు పెళ్ళికి ఎట్ల పోతడు ఫాదర్?"

"కార్డు మీద ఫోటో మీదే గదా?"

"ఫోటో పార్టీది."

ఎస్తేరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్యకు మాత్రం ఎందుకో నవ్వు ఆగలేదు.

"సార్, మీ పార్టీ ముచ్చట ఎన్ని దినాలల్ల తేలింది?"

"టిఫిన్ టైంల అయిపోయింది తల్లీ. నీకే జర ఎక్కువ పడ్తది. ధైర్యంగ ఉండు."

ఫాదర్ వాంగ్మూలం కాగితం మీద "సాక్షి హాజరు కాలేదు" అని రాశారు. నాగన్న గారు కాగితం అడిగి తీసుకున్నారు. అక్షరం అక్షరం చదివి, తృప్తిగా తలూపి, కింద సంతకం పెట్టారు.